జరీ నలుసు

మొన్న ఆదివారం ఇద్దరు పిల్లలు వచ్చారు, ఏదో ఇంజనీరింగు కాలేజీ నుంచి, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఈ దేశంలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలపడం మొదలైన రోజుల్లోని పరికరాలన్నీ పోగుచేసి అద్దాల బీరువాలో పెడతారట. నేను చేసిన మొదటి డబ్బా కావాలన్నారు. అటక మీద ఎక్కడో పడుంటుంది, దింపే ఓపిక నాకు లేదు అన్నాను. నా మాట పూర్తికాకముందే ఆ అబ్బాయి స్టూలెక్కేశాడు. పాత ట్రంకుపెట్టె వెనక నుంచి దుమ్ముతో సహా దింపాడు. బూడిదరంగు పూసిన రేకు డబ్బా, ముఖాన మూడు చిన్న దీపాలు, వెనక టెలిఫోను తీగ తగిలించే రంధ్రం. ఆ పిల్ల దాన్ని హారతిపళ్లెంలా రెండు చేతులతో పట్టుకుంటే నాకు నవ్వూ వచ్చింది, విసుగూ వచ్చింది. "సార్, ఈ ఆలోచన మీకు మగ్గం చూస్తే వచ్చిందట కదా" అని అడిగింది.

ఆ కథ పుట్టించింది నేనే. సన్మానసభల్లో ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి చెప్పేవాణ్ని. మా ఇంట్లో మగ్గం మీద ఇద్దరు కూర్చుని రెండు వైపుల నుంచి అడ్డపోగు చుట్టిన నాడెలు విసిరేవారు, ఇద్దరూ ఒకేసారి విసిరితే నాడెలు గుద్దుకుని పోగు తెగుతుంది, అందుకని ఒకరు ఆగితే ఒకరు విసరాలి, ఒకే తీగ మీద నాలుగు కంప్యూటర్లు మాట్లాడాలన్నా అదే మర్యాద అని. జనం చప్పట్లు కొట్టేవారు. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన బెంగళూరులో నేను పనిచేసిన ఫ్యాక్టరీ లైబ్రరీలో, ఒక విదేశీ పత్రికలో దొరికింది. వాళ్లు మంచి తీగల మీద చేశారు. గాలి వీస్తే ఒకదానికొకటి రాసుకుని గోల చేసే మన టెలిఫోను తీగల మీద కూడా మాట పోయేట్టు, పోకపోతే పోయేదాకా మళ్లీ మళ్లీ చెప్పేట్టు, అవతల అందిందని జవాబు వస్తేనే ఊరుకునేట్టు చేసింది నేను. అందులో చప్పట్లు కొట్టేంత అందం లేదు. ఇప్పుడు రెండు కథలూ చెప్పీ చెప్పీ విసిగిపోయాను. డబ్బా తీసుకుపొమ్మన్నాను. పిల్లలు వెళ్లిపోయాక మాత్రం ఆ సాయంత్రమంతా మా ధర్మవరం ఇల్లు నన్ను వదల్లేదు.

అది రెండు గదుల ఇల్లు. ముందుగది మగ్గానిది, వెనకగది మనుషులది. మా సందులో అందరూ అట్లాగే బతికేవారు. ముందుగది నేలలో తవ్విన గుంట, ఆ గుంటలోకి కాళ్లు దింపుకుని గట్టు మీద కూర్చుని నాయన నేసేవాడు. ఒళ్లు ఒక రంగు, అంచు ఒక రంగు ఉండే పట్టుచీర ఒక్కరి చేత కాదు, పక్కన ఇంకొకరు కూర్చుని అంచు నాడె ఆడించాలి. ఆ చోటు అమ్మది. పొయ్యి దగ్గర వాళ్లిద్దరికీ రోజూ యుద్ధమే. ఉప్పు ఎక్కువైందని ఒకరు, నాలుక చచ్చిందని ఇంకొకరు. మగ్గం ఎక్కితే మాత్రం మాట ఉండేది కాదు. ఒకరి చెయ్యి ఎప్పుడు ఆగుతుందో ఇంకొకరి చేతికి తెలుసు. గరుకు వేళ్లకు పట్టు తగులుకుంటుందని నాయన రోజూ పొద్దున్నే గడప దగ్గర నాపరాయి మీద వేళ్ల కొసలు రుద్దుకునేవాడు. అమావాస్య నాడు నేసేవాడు కాదు. మగ్గానికి దీపం పెట్టి, గుంట పక్కనే చాప వేసుకుని ఆ పగలంతా నిద్రపోయేవాడు. సందు చివర పట్టు ఉడకేసేవాళ్ల పొయ్యిల నుంచి సబ్బూ సోడా కలిసిన పచ్చి వాసన వచ్చేది. కొత్తవాళ్లకు ఆ వాసనకు కడుపులో తిప్పుతుంది. మాకు మాత్రం ఆకలయ్యేది, ఎందుకంటే ఆ వాసన వచ్చే వేళకే అమ్మ బొరుగుల ఉగ్గానికి తాలింపు వేసేది.

జరీ అయితే ఇల్లంతా ఉండేది. అంచుల దగ్గర తుంచిన కొసలు గాలికి ఎగిరి దుప్పట్లలోకి, తలల్లోకి, సంగటి ముద్దలోకి కూడా వచ్చేవి. మా పెళ్లయి గుమ్మఘట్ట నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో నా భార్య రుక్మిణి చీపురు పట్టుకుని నిలబడిపోయింది. "ఏమత్తా, మీ ఇంట్లో కసువు గూడా మెరుస్తాండాదే" అంది. అమ్మకు ఆ మాట ఎంత నచ్చిందంటే సందులో ఇంటింటికీ చెప్పుకొచ్చింది.

బెంగళూరు ఉద్యోగం వదిలేసి నేను పెట్టెతో ఇంటికి వచ్చినది ఆ తర్వాత కొన్నేళ్లకు. నేను గీసిన నమూనా చూసి నా పై అధికారి, "మన లైన్ల మీద మనిషి గొంతే సరిగ్గా పోదు, నీ కంప్యూటరు గొంతు ఎట్లా పోతుందయ్యా" అని ఫైలు మూసేశాడు. రెండేళ్లు ఆ ఫైలు వెంట తిరిగి, చివరికి నా ఉద్యోగమే నేను మూసేశాను. నన్ను, నా వెనక రుక్మిణిని గడపలో చూసి అమ్మ బిత్తరపోయింది.

"ఏమప్పా, పండగ గాదు పబ్బం గాదు, పెట్టె ఎత్తుకోని వచ్చినావు?"

"ఉద్యోగం ఇడిసిపెట్టినా మా."

నాయన మగ్గం ఆపకుండానే, "ఇడిసిపెట్టినాడంట, పెట్టనీ. మగ్గం యాడికీ పోలేదు గదా" అన్నాడు. నేను నేతకే వచ్చాననుకున్నాడు. నేను నేయను, డబ్బాలు చేస్తాను, ఒక ఊరి కంప్యూటరు ఇంకో ఊరి కంప్యూటరుతో మాట్లాడేదానికి అన్నాను. అప్పుడు మగ్గం ఆపాడు.

"మాట్లాడి?" అన్నాడు. "మాట్లాడి ఏం జేస్తాయి?"

చాలాసేపు చెప్పాను. బ్యాంకులన్నాను, రైళ్లన్నాను, రేపటి కాలం అన్నాను. అంతా విని, "సరే, ఆ మూల కూచ్చో" అని కిటికీ పక్క జాగా చూపించాడు. వెనకగదిలో పొయ్యి పొగ, పైగా కరెంటు ప్లగ్గు ఉండేది ముందుగదిలోనే. అట్లా మగ్గమూ నా బల్లా ఒకే గదిలో కాపురం పెట్టాయి. ఒక పక్క నాయనా అమ్మా టకటకలాడిస్తుంటే ఇంకో పక్క నేనూ రుక్మిణీ టంకం పొగ పీలుస్తూ కూర్చునేవాళ్లం. ఆమెకు సోల్డరింగు నేర్పింది నేను. ఏడాది తిరిగేసరికి నా అతుకుల్ని చూసి మూతి ముడిచేది. సందులో వాళ్లకు మేమొక వేడుక. రేడియో రిపేరని తెచ్చేవాళ్లు కొందరు, గడియారం తెచ్చేవాళ్లు కొందరు. పేరు చూస్తే ఇంజనీరు, ఇంట్లో చూస్తే రిపేరు అని వేళాకోళం.

అవి వరసగా వానలు లేని ఏళ్లు. చెనిక్కాయ చేలు మొలిచి మొలవకముందే మాడిపోయేవి, బావుల్లో బురద కూడా ఎండింది. కదిరి వైపు పల్లెలకు ట్యాంకర్లతో నీళ్లు తోలేవారు. నల్లమాడలో ప్రతి పొద్దునా ఏ ఊరికి నీళ్లు కావాలో పేర్లు రాస్తే, ఆ కాగితం బస్సెక్కి అనంతపురం చేరేది. చేరేసరికి ఒక పొద్దు పోయేది, ట్యాంకరు కదిలేసరికి ఇంకో పొద్దు. ఆ కరువు పనుల ఆఫీసులో ఎవరో పైనుంచి పంపిన కంప్యూటర్లు గుడ్డ ముసుగులు వేసుకుని కూర్చుని ఉన్నాయి, అనంతపురంలో ఒకటి, నల్లమాడలో ఒకటి. అక్కడి అధికారి మంచివాడే, నిద్ర చాలని మనిషి. నేను పోయి అడిగితే "చూడప్పా," అన్నాడు, "నెలాఖరు లోపల నల్లమాడలో కొట్టిన పేర్లు ఈడ తప్పు లేకుండా అచ్చయినాయంటే అన్ని మండలాలకూ నీ డబ్బాలే. కాలేదంటే ఈ మిషన్లు వాపసు పంపించేస్తా, నాకెందుకీ బరువు." నాకు అంతకు మించిన అవకాశం రాదని తెలుసు. అప్పటికి ఇల్లు నడుస్తున్నది నాయన చీరల మీదే.

డబ్బా ఇంట్లో చక్కగా పలికేది. బస్సులో ఒళ్లో పెట్టుకుని నల్లమాడకు తీసుకుపోయి తగిలిస్తే మూగదయ్యేది. మళ్లీ ఇంటికి తెస్తే పలికేది. విప్పి చూస్తాను, అంతా సరిగ్గానే ఉంటుంది. తీసుకుపోతాను, మూగది. అక్కడి గుమాస్తా నవ్వేవాడు, "ఏమన్నా, నీ డబ్బాకు ఈడి నీళ్లు పడల్యా? మాకే ల్యావు, దానికి యాడ తెచ్చేది" అని. ఆఫీసు ముందు నీడలో ఆడవాళ్లు ఖాళీ బిందెలతో కూర్చునేవారు, ట్యాంకరు గురించి అడగడానికి వచ్చినవాళ్లు. వాళ్లలో ఒక ముసలమ్మ, పళ్లు లేని మనిషి, నేను పోయినప్పుడల్లా లేచి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చునేది. "ఈ డబ్బా పలికితే మా ఊరికి నీళ్లొస్తాయంట గదప్పా. పలికించు నాయనా" అని దాన్ని మేకపిల్లను నిమిరినట్టు నిమిరేది. ఆ మాట ఇంటికి వచ్చి అన్నం దగ్గర చెప్పాను. నాయన ముద్ద చేత్తో పట్టుకుని విన్నాడు.

కారణం ఒక పొద్దున కిటికీ ఎండలో కనిపించింది. మూత తీసి బోర్డును ఇటూ అటూ వంచుతుంటే చిప్పు కాళ్ల మధ్య ఏదో తళుక్కుమంది. సన్నటి పట్టకారుతో తీశాను. కనురెప్ప వెంట్రుకంత కూడా లేదు, జరీ నలుసు. జరీ అంటే పట్టుపోగుకు చుట్టిన వెండి. కరెంటుకు దానికంటే మంచి వంతెన ఏముంటుంది? ఇంట్లో కదలకుండా ఒక మూల పడి ఉన్న నలుసు బస్సు కుదుపుకు జరిగి రెండు కాళ్లను కలిపేస్తున్నది. తిరుగు బస్సులో మళ్లీ జరిగి తప్పుకుంటున్నది. రుక్మిణికి చూపించాను. మొదట పకపకా నవ్వింది. తర్వాత మగ్గం వైపు చూసి నవ్వు ఆపేసింది.

బోర్డుకు వార్నిషు పూసి చూశాం. పూస్తుండగానే ఇంకో నలుసు వచ్చి దాని కింద చిక్కుకుంది. బట్ట కప్పాం, ఆ బట్టలోనే జరీ. వేరే గది చూద్దామంటే ధర్మవరంలో జరీ లేని గది వెతకడం సముద్రంలో ఉప్పు లేని చోటు వెతకడమే. అనంతపురంలో గది తీసుకునే తాహతు లేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఈ గదిలో మగ్గమైనా ఉండాలి, డబ్బా అయినా ఉండాలి, రెండూ ఉంటే రెండూ చెడతాయి అని. చెప్పి, "పోనీలే నాయనా, ఆ ఆఫీసుకు కాదని చెప్పేస్తా" అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. అప్పటికి నేనూ అలసిపోయాను.

"ఈ చీర దిగేదానికి ఎన్ని దినాలు పడతాది?" అని నాయన అమ్మను అడిగాడు, తనకు తెలియనట్టు.

"ఇంకా సగం గూడా కాలేదు. ఈ నెల పోతాది. పడుగంతా అయ్యేదానికి ఇంకా మూడు చీరలు."

"అయితే కోసేస్తా."

అమ్మ కంచం పక్కకు నెట్టింది. మగ్గం మీద ఎక్కిన పడుగును, బిగించిన నిలువు పోగులను, మధ్యలో కోయడం మాలో లేదు. ఎన్ని కష్టాలొచ్చినా పడుగు పూర్తిచేసే దించుతారు. నేసే మనిషి పోయి, ఆ పని అందుకునేవాళ్లు ఇంట్లో లేకపోతేనే కత్తి పెడతారు. "బతికుండంగా యాడన్నా పడుగు కోస్తారా?" అంది అమ్మ. "ఏం మాటలు మాట్లాడతాండావు? నీకేమన్నా అయితే నేనేం గావాల?"

"నాకేమైతాది? ఆ ముసల్ది నీళ్లకు కూచ్చోనుండాదంట గదనే. చీర లేకుంటే పెండ్లి ఆగదు, ఇంకోటి కట్టుకుంటారు."

పొద్దున్నే స్నానం చేసి, దీపం పెట్టి, నాయన గుంటలోకి కాళ్లు దింపుకుని కూర్చున్నాడు. వద్దు వద్దన్న అమ్మే వచ్చి పక్కన తన చోట్లో కూర్చుంది. కత్తి పెట్టగానే బిగుతుగా ఉన్న పోగులు గుప్పెడు గుప్పెడుగా వెనక్కి జారిపోయాయి. గోధుమరంగు ఒళ్లు, మెరూన్ అంచు. సగం చీరను అమ్మ ఒళ్లో మడత పెట్టుకుంది, నాయన మిగిలిన పడుగును జడలా చుట్టాడు. నాకు ఆపాలని అనిపించింది, ఆపలేదు. మగ్గం కర్రలు విప్పి పెరట్లో పెట్టాం. గుంట మీద పలకలు పరిచాం. ఆ కరువులో రెండు బిందెల నీళ్లు ఖర్చుపెట్టి రుక్మిణి గోడలు, దూలాలు తడిగుడ్డతో తుడిచింది. బకెట్టులో మురికినీళ్లు ఎండకు మెరిశాయి. మరుసటి రోజు నుంచి నాయన ఇంకో ఆసామి షెడ్డులో కూలి మగ్గం మీద కూర్చున్నాడు. సొంత మగ్గం ఉన్నవాడు కూలి మగ్గానికి పోవడమంటే మా వాళ్లలో ఎంత చిన్నతనమో చెప్పినా ఇప్పటివాళ్లకు అర్థం కాదు. టిఫిన్ క్యారియరు చేత్తో పట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా సందు దాటేవాడు.

కొత్త డబ్బా నెలాఖరుకు ముందే నల్లమాడలో పలికింది. గుమాస్తా ఊళ్ల పేర్లు కొట్టాడు, మధ్యలో లైను రెండుసార్లు తెగింది, డబ్బా పట్టు విడవకుండా మళ్లీ మళ్లీ చెప్పింది, అనంతపురంలో అన్ని పేర్లూ వరసగా అచ్చయ్యాయి. అధికారి ఫోనులో, "వచ్చినాయప్పా, ఒక్క తప్పు లేదు" అని అరిచాడు. ఆ అరుపుతోనే నా బతుకు మారింది. మండలాలన్నింటికీ డబ్బాలు, తర్వాత బ్యాంకులకు, మిల్లులకు, ఇతర రాష్ట్రాలకు. బెంగళూరులో సొంత భవనం, దుమ్ము రాని గదులు, తెల్లకోట్లు వేసుకున్న మనుషులు. దేశంలో మొదటివాళ్లలో ఒకడని పేపర్లలో రాశారు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడన్నట్టు మాకంటే పెద్దవాళ్లు, వేగంగా పలికే డబ్బాలతో వచ్చారు. కొన్నేళ్లు పోటీపడి, కంపెనీని వాళ్లకే అమ్మేశాను. వాళ్లు నా డబ్బా చేయడం ఆ ఏడే ఆపేశారు. బాధపడ్డానంటే అబద్ధం. హమ్మయ్య అనుకుని నిద్రపోయాను.

ఇప్పుడు డబ్బా అక్కర్లేదు, తీగ కూడా అక్కర్లేదు. మొన్న వేసవిలో విడపనకల్లు దిక్కు నుంచి ఎవరో ఖాళీ బిందెల వరస ఫోటో తీసి పంపితే రెప్పపాటులో నా ఫోనులోకి వచ్చింది. నాకే కాదు, వందలమందికి వచ్చింది. కింద అందరూ దండాలు, ఏడుపు బొమ్మలు పెట్టారు. అప్పట్లో ఒక ఊరి పేరు పంపడానికి నెలంతా నిద్రలేదు నాకు. ఇప్పుడు నిద్రలేకపోవడానికి కారణం కూడా ఉండదు, ముసలితనం. అప్పటికంటే ఇప్పుడే నయమా అని నన్ను ఎవరైనా అడిగితే వార్తకు నయమే అంటాను. మా సందులో మగ్గాల చప్పుడు చాలావరకు ఆగిపోయింది, పట్టు ఉడకేసే వాసనా లేదు. దగ్గరున్నవి పోయాయి, దూరాన ఉన్నవన్నీ వచ్చి చేతిలో కూర్చున్నాయి.

డబ్బా పలికిన రోజు సాయంత్రం ఇంటికి పరుగెత్తుకొచ్చాను. అమ్మ బెల్లం ముక్క నోట్లో పెట్టింది, రుక్మిణి కళ్లు తుడుచుకుంది. నాయన అరుగు మీద కూర్చుని, "నీళ్లు పోయినాయా?" అన్నాడు. పేర్లు పోయాయి నాయనా, అచ్చయినాయి, మిగిలింది వాళ్ల పని అన్నాను. రెండు రోజులకు, ఆ ఒక్కరోజుకు కూలి మగ్గం మానుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, పొద్దున బస్సెక్కి నల్లమాడకు పోయాడు. దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చాడు. కాళ్లు కడుక్కోలేదు, గుంట మీది పలకల మీద అట్లాగే కూర్చున్నాడు.

"వార్త పోయినాది, నువ్వు జెప్పింది నిజమే. ఆ గుమాస్తా కాగితం జూపించినాడు. ఊరి పేరు సక్కగా ఉండాది."

"ట్యాంకరు?" అన్నాను.

"ఆడనే నిలబడుండాది. డీజిలు ల్యాదంట. పైనుంచి రావాలంట." తెల్లచొక్కా బొత్తాలు విప్పుకున్నాడు. "ఆ ముసల్ది నన్ను పట్టుకున్నాది. డబ్బా పలికినాది గదా, నీళ్లేవి అని."

అమ్మ చెంబు అందిస్తూ, "నువ్వేం జెప్పినావు?" అంది.

"ఏం జెప్పేది? నా కొడుకు డబ్బా జేసేటోడు, నీళ్లు తెచ్చేటోడు గాదు అని జెప్పినా." చెంబులో నీళ్లు సగం తాగి సగం పక్కన పెట్టాడు. "ఆ పడుగు నిలబెట్టుకోనుంటే కడాకు ఒక చీరన్నా దిగుండేది."

కోపంగా అనలేదు, నన్ను అనాలనీ అనలేదు. పలకల మీదే ఒరిగి కళ్లు మూసుకున్నాడు. తెల్లారి నేను లేచేసరికి నాపరాయి మీద వేళ్లు రుద్దుకుంటున్నాడు, షెడ్డుకు వేళైందని అమ్మను క్యారియరు కోసం కేకేస్తున్నాడు.